బీపీకి బీటా బ్లాకర్ వాడుతున్నారా? బెలుం మెట్లు, అహోబిలం కొండ ఎక్కేముందు ఈ లెక్క తెలుసుకోండి.. పాత మాత్రపై మారుతున్న వైద్యుల మాట

నంద్యాల జిల్లాకు వచ్చే టూరిస్టుల రూటు దాదాపు ఒకేలా ఉంటుంది. బనగానపల్లె దగ్గర యాగంటి, కొలిమిగుండ్ల మండలంలో బెలుం గుహలు, ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం, టైముంటే మహానంది. పిల్లాపాపలతో పాటు అరవై దాటిన పెద్దలు ఒకరో ఇద్దరో బండిలో ఉంటారు. వాళ్ల సంచిలో మందుల డబ్బా ఉంటుంది. అందులో షుగర్ మాత్ర, దాని పక్కనే బీపీ మాత్ర. ఆ బీపీ మాత్ర ఇప్పటికీ చాలా ఇళ్లలో అటెనోలాలో, మెటోప్రొలాలో అయి ఉంటుంది. వీటినే బీటా బ్లాకర్లు అంటారు.

ఇరవై ఏళ్లుగా ప్రపంచవ్యాప్తంగా వైద్యులు వాదించుకుంటున్న మందు ఇది. ఒకప్పుడు బీపీ అనగానే ముందు రాసే మాత్ర. ఇప్పుడు చాలా దేశాల మార్గదర్శకాల్లో ముందు వరుస నుంచి వెనక్కి వెళ్లింది. 2025 ఆగస్టులో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ విడుదల చేసిన కొత్త బీపీ మార్గదర్శకాలు కూడా అదే మాట చెప్పాయి. వేరే గుండె జబ్బేదీ లేకుండా కేవలం బీపీ మాత్రమే ఉన్నవారికి మొదటి మందుగా బీటా బ్లాకర్ వద్దన్నాయి. మన దేశంలో అయితే 2022 సెప్టెంబరులో వచ్చిన జాతీయ అత్యవసర మందుల జాబితా నుంచి అటెనోలాల్‌ను ఏకంగా తీసేశారు. అయినా ఊళ్లలో పాత చీటీ చూపించి అదే మాత్ర తెచ్చుకోవడం ఆగలేదు.

మరి ఇన్నేళ్లుగా వేసుకుంటున్నవాళ్లు ఏం చేయాలి? ఆపేయాలా? ఆపితేనే అసలు ప్రమాదం. ఆ సంగతికి వచ్చేముందు ఈ మాత్ర ఒంట్లో ఏం చేస్తుందో చూడాలి.

గుండెకు కళ్లెం

భయం వేసినా, కోపం వచ్చినా, పరుగెత్తినా ఒంట్లో అడ్రినలిన్, దానికి తోడుగా నార్అడ్రినలిన్ విడుదలవుతాయి. గుండె కండరం మీద వీటి కోసమే కొన్ని గ్రాహకాలు ఉంటాయి. తాళంలో తాళంచెవి పడ్డట్టు ఈ రసాయనాలు వాటిలో పడగానే గుండె వేగం పెరుగుతుంది, కొట్టుకునే బలం పెరుగుతుంది. 1948లో అమెరికా శాస్త్రవేత్త రేమండ్ ఆల్‌క్విస్ట్ ఈ గ్రాహకాలను ఆల్ఫా, బీటా అని రెండుగా విడదీశారు. ఆ బీటా తాళాన్ని ముందే మూసేస్తే గుండె మీద ఒత్తిడి తగ్గుతుంది కదా అన్నది స్కాట్లాండ్‌కు చెందిన జేమ్స్ బ్లాక్ ఆలోచన. 1960ల్లో ఆయన బృందం తెచ్చిన ప్రొప్రనొలాల్ అలా పుట్టిందే. 1988లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆయన ఆ మందును బీపీ కోసం తయారుచేయలేదు. గుండెనొప్పి కోసం చేశారు. వాడుతుండగా బీపీ కూడా తగ్గుతోందని బ్రిటన్ వైద్యులు గమనించారు. అక్కడి నుంచి బీపీ చికిత్సలోకి వచ్చింది.

బీపీ తగ్గడానికి కారణాలు రెండు. మొదటిది, గుండె నెమ్మదిగా, తక్కువ బలంతో కొట్టుకోవడం వల్ల నిమిషానికి బయటికి వచ్చే రక్తం తగ్గుతుంది. రెండోది కిడ్నీల దగ్గర. అక్కడ రెనిన్ అనే పదార్థం విడుదలవడాన్ని కూడా ఈ మందు తగ్గిస్తుంది. రెనిన్ తగ్గితే రక్తనాళాలను బిగించే, ఉప్పును ఒంట్లో పట్టి ఉంచే గొలుసు మొత్తం నెమ్మదిస్తుంది. మూడు పూటలా ఊరగాయ, అప్పడం లేనిదే ముద్ద దిగని ప్రాంతంలో ఈ ఉప్పు సంగతి చిన్నదేం కాదు. ఎంత మాత్ర వేసినా కంచంలో ఉప్పు తగ్గకపోతే సగం పని వృథానే.

చేతి దగ్గర ఒక రీడింగ్.. గుండె దగ్గర ఇంకోటి

అసలు తిరకాసు ఇక్కడే మొదలైంది. అటెనోలాల్ వేసుకున్నవారికి చేతికి పట్టీ కట్టి చూస్తే బీపీ బాగానే తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ పక్షవాతం ముప్పు మాత్రం మిగతా మందులు తగ్గించినంతగా తగ్గడం లేదని పెద్ద అధ్యయనాల్లో తేలింది.

2002లో వెలువడిన 'లైఫ్' అధ్యయనంలో 9,193 మందిని పరిశీలించారు. సగం మందికి అటెనోలాల్, మిగతా సగానికి లోసార్టన్. ఇద్దరిలోనూ బీపీ దాదాపు సమానంగానే తగ్గింది. పక్షవాతం మాత్రం లోసార్టన్ వాడినవారిలో 25 శాతం తక్కువ. 2005లో 19 వేల మందికి పైగా రోగులతో వచ్చిన 'ఆస్కాట్' ఫలితాలు కూడా అటెనోలాల్ కంటే ఆమ్లోడిపిన్ వైపే మొగ్గాయి. అదే ఏడాది స్వీడన్‌కు చెందిన లిండ్‌హోమ్ బృందం 13 అధ్యయనాల్లోని లక్షా 5 వేల మందికి పైగా రోగుల లెక్కలు కలిపి చూసింది. మిగతా బీపీ మందులతో పోలిస్తే బీటా బ్లాకర్లు వాడినవారిలో పక్షవాతం ముప్పు 16 శాతం ఎక్కువని తేల్చింది. మందే వేసుకోనివారితో పోలిస్తే మాత్రం ముప్పు తగ్గింది. అంటే పనిచేయని మందు కాదు, పక్కవాటి కంటే వెనకబడిన మందు. 2006లో బ్రిటన్ దీన్ని మొదటి వరుస నుంచి తప్పించింది.

చేతి దగ్గర బీపీ సమానంగా తగ్గినప్పుడు ఫలితంలో ఈ తేడా ఎందుకు? దీనికి వైద్యులు చెప్పే ఒక వివరణ బెలుం గుహలు చూసినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. గుహలో ఒకరు గట్టిగా పిలిస్తే ఆ శబ్దం గోడకు తగిలి వెనక్కి వస్తుంది. గుండె ఒక్కసారి కొట్టుకోగానే రక్తనాళాల్లో వెళ్లే ఒత్తిడి అల కూడా అంతే. నాళాలు చీలే చోట, సన్నబడే చోట తగిలి వెనక్కి తిరుగుతుంది. గుండె మామూలు వేగంతో ఉన్నప్పుడు ఈ తిరుగు అల చాలావరకు గుండె విశ్రాంతి తీసుకునే సమయానికి చేరుతుంది. బీటా బ్లాకర్ వేగాన్ని తగ్గించేసరికి గుండె రక్తాన్ని నెట్టే సమయం సాగుతుంది. నెట్టడం ఇంకా పూర్తికాకముందే తిరుగు అల వచ్చి దాని మీద పడుతుంది. దాంతో గుండె పక్కనున్న మహాధమనిలో ఒత్తిడి, చేతి దగ్గర కనిపించినంతగా తగ్గదు. 'ఆస్కాట్'కు అనుబంధంగా 2006లో వచ్చిన 'కేఫ్' పరిశీలన సరిగ్గా ఇదే చూపించింది. మెదడుకు వెళ్లే రక్తం బయల్దేరేది ఆ మహాధమని నుంచే.

అయితే ఇక్కడ ఓ మాట చెప్పుకోవాలి. ఆ అధ్యయనాల్లో ఎక్కువగా పరీక్షకు నిలబడింది అటెనోలాల్. పాల్గొన్నవారిలో ఎక్కువమంది వయసు పైబడినవారు. బిసోప్రొలాల్, నెబివొలాల్ లాంటి తర్వాతి తరం మందులకు బీపీలో ఆ స్థాయి పరీక్షలు జరగలేదు. అందుకే అటెనోలాల్ మీద తీర్పును మొత్తం కుటుంబానికి అంటగట్టడం సరికాదనే వాదన ఉంది, అందులో పస కూడా ఉంది. యూరప్ హైపర్‌టెన్షన్ సొసైటీ 2023 మార్గదర్శకాల్లో బీటా బ్లాకర్లను మళ్లీ ఐదు ప్రధాన బీపీ మందుల సరసన నిలబెట్టింది. గుండె జబ్బులు కూడా ఉన్న రోగులు ఎక్కువ, వాళ్లకు ఇవి ఎలాగూ కావాలి కదా అన్నది వాళ్ల లెక్క. అమెరికా ఒకలా, యూరప్ ఇంకోలా. రోగికి ఇది గందరగోళమే. కానీ రెండు పక్షాలూ ఒప్పుకునే విషయం ఒకటుంది.. వట్టి బీపీకి అటెనోలాల్ ఒక్కటే మొదలుపెట్టే రోజులు పోయాయి.

ఎవరికి తప్పనిసరి?

గుండె పంపింగ్ బలహీనపడినవారికి బిసోప్రొలాల్, కార్వెడిలాల్, మెటోప్రొలాల్ సక్సినేట్ ప్రాణం నిలిపే మందులు. 1999లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాలు ఈ సంగతిని నిలబెట్టాయి. గుండె లయ తప్పినవారికి, ఛాతీ నొప్పి వచ్చేవారికి కూడా ఇవి కావాలి. గర్భిణుల్లో బీపీకి ఇదే కుటుంబానికి చెందిన లాబెటలాల్ వాడతారు. మైగ్రేన్‌కు, చేతుల వణుకుకు ప్రొప్రనొలాల్ రాస్తారు.

గుండెపోటు తర్వాత జీవితాంతం బీటా బ్లాకర్ వేసుకోవాలన్న పాత నియమం మీద మాత్రం కొత్తగా చర్చ మొదలైంది. 2025 ఆగస్టు చివర్లో మాడ్రిడ్‌లో జరిగిన యూరప్ గుండె వైద్యుల మహాసభలో 'రీబూట్' ఫలితాలు బయటపెట్టారు. స్పెయిన్, ఇటలీల్లో 8,505 మందిపై చేసిన అధ్యయనం ఇది. గుండెపోటు వచ్చినా పంపింగ్ పెద్దగా దెబ్బతినని వారిలో ఈ మందు వల్ల అదనపు లాభం కనపడలేదు. అదే వేదికపై నార్వే, డెన్మార్క్ వైద్యులు చెప్పిన ఫలితాల్లో మాత్రం కొంత మేలు కనిపించింది. ఒకే రోజుల్లో రెండు ముఖాలు! టీవీల్లో, వాట్సాప్‌లో మొదటి సగమే తిరిగింది. 'బీటా బ్లాకర్లు పనికిరావట' అని మాత్ర పక్కన పడేస్తే మాత్రం అది ఆ అధ్యయనం చెప్పిన మాట కాదు.

బెలుం లోపల ఏమవుతుంది?

ఇక లోకల్ సంగతికొద్దాం. బెలుం గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశారు. 1982-83లో గెబావర్ నేతృత్వంలోని జర్మన్ బృందం లోపల సర్వే చేసింది. 2002 నుంచి పర్యాటకులకు తెరిచారు. సుమారు ఒకటిన్నర కిలోమీటరు మేర నడవొచ్చు. బావిలాంటి గోతిలోకి మెట్లు దిగితే లోపల దారులు ఒక్కోచోట విశాలంగా, ఒక్కోచోట వంగి నడవాల్సినంత ఇరుగ్గా ఉంటాయి. అన్నిటికంటే లోతైన పాతాళగంగ భూమట్టానికి సుమారు 150 అడుగుల దిగువన ఉంది. గాలి పంపే ఏర్పాట్లు ఉన్నా లోపల ఉక్కపోత తప్పదు. ఐదు నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది.

దిగేటప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు. పరీక్ష పైకి ఎక్కేటప్పుడే. మెట్లెక్కుతుంటే కాళ్ల కండరాలు రక్తం అడుగుతాయి. గుండె వేగం పెంచి అందిస్తుంది. బీటా బ్లాకర్ వేసుకున్నవారిలో ఆ వేగానికి పైన ఒక హద్దు ఉంటుంది. వయసును 220 నుంచి తీసేస్తే వచ్చే గుండె వేగం లెక్క వీళ్లకు వర్తించదు. మామూలుగా 140 దాకా వెళ్లాల్సిన పల్స్ 110 దగ్గరే ఆగిపోవచ్చు. దాంతో తోటివాళ్ల కంటే ముందే ఆయాసం, కాళ్లు లాగడం. 'వయసైపోయింది' అనుకుంటారు గానీ, కొంత భాగం మాత్రదే. చేతికి స్మార్ట్ వాచ్ పెట్టుకున్నవాళ్లు పల్స్ తక్కువగానే ఉంది కదా, ఇంకా ఎక్కొచ్చు అనుకోవడం ఇంకో పొరపాటు. వాచ్ చూపించేది మందు పట్టి ఉంచిన పల్స్‌ని. ఒంటి మీద పడుతున్న శ్రమ దానికి తెలియదు. వీళ్లకు పనికొచ్చే కొలత ఒకటే.. నడుస్తూ పక్కవాళ్లతో ఆగకుండా మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే కూర్చోవాల్సిందే.

వేసవిలో ఇంకో చిక్కు. ఒంట్లో వేడి బయటికి పోవాలంటే చర్మానికి రక్తం ఎక్కువగా వెళ్లాలి, గుండె వేగం పెరగాలి, చెమట పట్టాలి. బీటా బ్లాకర్ ఈ ఏర్పాటును కొంత అడ్డుకుంటుంది. అందుకే వడదెబ్బ ముప్పు పెంచే మందుల జాబితాలో వీటి పేరుంటుంది. నంద్యాల ఎండలు ఎలా ఉంటాయో రాష్ట్రంలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. బీపీకి మూత్రం మాత్ర కూడా కలిపి వాడేవారికి నీరు, లవణాలు ఇంకా త్వరగా తగ్గుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు గుహ నుంచి బయటికొచ్చి, వెంటనే ఎండలో నిలబడి ఫొటోలు దిగడం ఇలాంటివారికి మంచిది కాదు. ఉదయం గుహ తెరిచిన వేళకే చేరితే సగం ఇబ్బంది తప్పుతుంది.

అహోబిలం ఇంకా కష్టం. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి దాకా వెళ్లే దారి, ఆ పైన ఉగ్రస్తంభం.. రాళ్ల మీద, వాగు పక్కన ఎక్కాల్సిన నడక. తొమ్మిది నరసింహులనూ ఒకే రోజులో చూడాలన్న పట్టుదల ఉన్న భక్తులకు ఆయాసం లెక్కలోకి రాదు. దానికి తోడు ఉపవాసం. ఉపవాసమంటే కొందరు మాత్ర కూడా మానేస్తారు. ఇదే అసలైన ముప్పు.

సడెన్‌గా ఆపితే..

బీటా తాళాలను ఏళ్ల తరబడి మూసి ఉంచితే శరీరం ఊరుకోదు. కొత్త తాళాలు తయారుచేసుకుంటుంది. మాత్ర ఒక్కసారిగా ఆగితే ఆ అదనపు తాళాలన్నిటి మీద అడ్రినలిన్ ఒకేసారి పడుతుంది. గుండె దడ, బీపీ ఎగబాకడం, ఛాతీ నొప్పి.. గుండె జబ్బు ఉన్నవారిలో గుండెపోటు దాకా వెళ్లొచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల చీటీపై గడి కట్టి మరీ ఈ హెచ్చరిక ముద్రించమంటుంది. మందు మార్చాలన్నా డాక్టరు వారం, రెండు వారాల్లో మోతాదు మెల్లగా తగ్గిస్తూ మారుస్తారు. కాబట్టి రెండు రోజుల ట్రిప్‌కు రెండు మాత్రలే లెక్కపెట్టి తెచ్చుకోవడం కంటే షీటు మొత్తం తెచ్చుకోవడమే మేలు. కొండ ఎక్కే రోజు మాత్ర మానేస్తే హుషారుగా ఉంటుందన్న సలహా ఎవరిచ్చినా వినకూడదు.

రాతి దుమ్ము, షుగర్ మాత్ర

బయటినుంచి వచ్చే టూరిస్టుల కంటే ఈ మందు గురించి ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే ఉండేవారి విషయంలో. కొలిమిగుండ్ల, బేతంచెర్ల, బనగానపల్లె చుట్టూ నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే పనివారు. ఏళ్ల తరబడి రాతి దుమ్ము పీల్చినవారిలో దగ్గు, పిల్లికూతలు, ఆయాసం ఉండటం తెలిసిందే. బీటా గ్రాహకాలు ఊపిరి గొట్టాల మీద కూడా ఉంటాయి. అక్కడ వాటి పని గొట్టాలను వెడల్పు చేయడం. ప్రొప్రనొలాల్ లాంటివి ఆ తాళాన్ని కూడా మూసేసి గొట్టాలను బిగిస్తాయి. ఆస్తమా ఉన్నవారికి అది ప్రమాదం. మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ ఎక్కువగా గుండె మీదే పనిచేసినా మోతాదు పెరిగితే ఆ తేడా చెరిగిపోతుంది. 'ఏ పని చేస్తారు?' అన్న ఒక్క ప్రశ్న అడగకుండా ఈ ప్రాంతంలో బీటా బ్లాకర్ రాయడం సరైన వైద్యం అనిపించుకోదు.

రెండోది షుగర్. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వేసుకుని అన్నం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. అప్పుడు గుండె దడ, చేతుల వణుకు వచ్చి హెచ్చరిస్తాయి. బీటా బ్లాకర్ ఆ దడను, వణుకును కప్పేస్తుంది. చెమట ఒక్కటే మిగులుతుంది. బెలుం గుహలో ఆ చెమటను ఎవరు పట్టించుకుంటారు? అందరికీ పట్టేదే కదా అనుకుంటారు. రెండు జబ్బులూ ఉన్నవారు ఖాళీ కడుపుతో దిగకూడదు, జేబులో చక్కెరో గ్లూకోజో ఉండాలి అనేది అందుకే. పాత బీటా బ్లాకర్లు, ముఖ్యంగా మూత్రం మాత్రతో కలిపి వాడితే, కొత్తగా షుగర్ వచ్చే అవకాశాన్ని కూడా కాస్త పెంచుతాయి.

ఊళ్లో చీటీ మారేదెలా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ బీపీ ఉన్నవారి శాతం దేశ సగటు కంటే ఎక్కువ. దాదాపు ప్రతి నలుగురు పెద్దల్లో ఒకరు. 2017లో మొదలైన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమంలో తొలి రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. ఆ పద్ధతిలో మొదటి మాత్ర ఆమ్లోడిపిన్, తర్వాత టెల్మిసార్టన్. అందులో బీటా బ్లాకర్‌కు మొదటి మెట్టు మీద చోటే లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఏఎన్‌ఎంలు, ఆశాలు ఇంటింటికీ వెళ్లి బీపీ, షుగర్ చూస్తున్నారు. కొత్తగా బీపీ బయటపడినవారి సంగతి కాబట్టి పర్వాలేదు.

ఇబ్బంది పాతవాళ్లది. పదిహేనేళ్ల కిందట ఎవరో ఆర్ఎంపీ గానీ, టౌన్‌లో డాక్టరు గానీ రాసిన అటెనోలాల్ 50. చీటీ చిరిగిపోయినా ఖాళీ షీటు చూపిస్తే మెడికల్ షాపులో ఇస్తారు. ధర తక్కువ, అలవాటైన మాత్ర. బీపీ 130 దగ్గర ఉంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. కొందరు వేసుకునేది ఆమ్లోడిపిన్, అటెనోలాల్ కలిపిన మాత్ర. స్టామ్లో బీటా లాంటి పేర్లతో దొరుకుతుంది. అందులో బీటా బ్లాకర్ ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. పేరులో 'బీటా', 'ఏటీ' అని గానీ, లోపలి మందు పేరు చివర 'లాల్' అని గానీ ఉంటే ఒకసారి అడగాలి.

నంద్యాలలో 2023 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది. ఇలాంటి పాత చీటీలను ఓసారి తిరగేసి చూడటానికి కర్నూలు దాకా పోవాల్సిన అవసరం తగ్గింది. వెళ్లేటప్పుడు ఖాళీ షీటు, పాత ఈసీజీ ఉంటే అవి, వారం రోజుల బీపీ రీడింగులు తీసుకెళ్తే పని సులువవుతుంది. రీడింగుల పక్కనే పల్స్ కూడా రాసుకోవాలి. మణికట్టు మీద బొటనవేలు వైపు రెండు వేళ్లు పెట్టి 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణిస్తే చాలు. కూర్చున్నప్పుడు 50 కంటే తక్కువగా ఉండి కళ్లు తిరుగుతున్నా, స్పృహ తప్పినట్టు అనిపిస్తున్నా ఆ రోజే చూపించుకోవాలి. గుండెపోటు, గుండె బలహీనత, లయ తప్పడం.. వీటిలో ఏదైనా గతంలో ఉంటే మొదటే చెప్పాలి. అలాంటివారికి ఆ మాత్ర బీపీ కోసం రాసింది కాకపోవచ్చు, దాన్ని కదపాలా వద్దా అన్నది ఎకో పరీక్షలో పంపింగ్ శాతం చూశాకే తేలుతుంది.